జూనియర్ కాలేజీ పిచర్‌కి డ్రాఫ్ట్ పిలుపు వచ్చేలా ఉంది: ఇప్పుడే సంతకమా, యూనివర్సిటీకి పోవడమా?

మంగళం_రోడ్

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నాను. మా అక్కావాళ్లు టెక్సస్‌లో ఉంటారు. మేనల్లుడు అక్కడే పుట్టాడు, అమెరికా పౌరుడే. వయసు 19. హైస్కూలు అయ్యాక జూనియర్ కాలేజీలో (మన ఇంటర్ కాదు, అక్కడ హైస్కూలు తర్వాత రెండేళ్లు చదివే కాలేజీ) చేరి బేస్‌బాల్ ఆడుతున్నాడు, రెండో ఏడాది అయిపోవస్తోంది. కుడిచేతి పిచర్, అంటే మన బౌలర్‌లాగా బంతి విసిరేవాడు. ఫాస్ట్‌బాల్ గంటకు 90-92 మైళ్లు, ఒక్కోసారి 94 కూడా పడుతోందంట.

జూలైలో డ్రాఫ్ట్ ఉంది, అంటే అక్కడి అగ్ర లీగ్ అయిన మేజర్ లీగ్ క్లబ్‌లు రౌండ్లవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం. ఈ మధ్య క్లబ్‌ల తరఫున ఆటగాళ్లను వెతికే స్కౌట్లు ఫోన్ చేసి "ఎంతిస్తే సంతకం పెడతావు" అని అడుగుతున్నారు. పదో రౌండు దాటాక తీసుకోవచ్చు, సంతకం పెట్టినందుకు బోనస్‌గా లక్షన్నర డాలర్ల దాకా రావచ్చు అని వాళ్ల కోచ్ అంటున్నాడు. ఇంకోపక్క ఒక పెద్ద యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇస్తామంటోంది. బావ సంతకం పెట్టేయమంటాడు. చదువు పోతుందని అక్కకు భయం. ఇక్కడ మా నాన్నేమో ఇది ఐపీఎల్ వేలంలాంటిదే కదా, పేరొస్తే తిరుగుండదు అంటాడు. అందరూ నన్నే అడుగుతున్నారు.

ఒకసారి వద్దంటే మళ్లీ అవకాశం ఉంటుందా? లక్షన్నరలో చేతికి ఎంత మిగులుతుంది? సంతకం పెడితే చదువు సంగతి ఏంది? తెలిసినవాళ్లు రొంత వివరంగా చెప్పండి.

బుల్‌పెన్_సీమ

అన్నా, ముందు నాన్నగారి సందేహం తీర్చండి. ఐపీఎల్ వేలంలో పేరొస్తే వచ్చే సీజన్‌కే ఆ జట్టు చొక్కా వేసుకుంటాడు. డ్రాఫ్ట్ అలా కాదు. ఎంపికైనవాడు ఆ క్లబ్ కింద ఉండే మైనర్ లీగుల్లో అట్టడుగున మొదలుపెడతాడు. ఫ్లోరిడాలోనో అరిజోనాలోనో కాంప్లెక్స్ లీగ్, దాని పైన సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ, ఇవన్నీ దాటితే మేజర్ లీగ్. అక్కడ 30 జట్లు, ఒక్కోదానికి 26 మంది. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది ఆ 26లోకి ఎప్పటికీ చేరరు. ఈ నిజం ఇంట్లో అందరికీ తెలిసిన తర్వాతే మిగతా లెక్క.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. అవకాశం మళ్లీ ఉంటుంది, మీవాడికి మరీ బాగా ఉంటుంది. నాలుగేళ్ల కాలేజీలో చేరినవాణ్ణి మూడో ఏడాది పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా డ్రాఫ్ట్‌లో తీసుకోకూడదు. జూనియర్ కాలేజీ వాళ్లకు ఆ అడ్డు లేదు, ఏ ఏడాదైనా తీసుకోవచ్చు. మీవాడు ఈసారి వద్దని యూనివర్సిటీకి పోతే అక్కడ నేరుగా మూడో ఏడాదిలో చేరతాడు, అది పూర్తవగానే వచ్చే జూలైలో మళ్లీ డ్రాఫ్ట్‌కు అర్హుడే. ఈసారి ఎంపిక చేసిన క్లబ్‌కు సంతకాల గడువు దాటితే అతనిమీద హక్కు పోతుంది. అదే క్లబ్ మళ్లీ తీసుకోవాలంటే అతని అనుమతి కావాలి.

బేరమంతా ఇక్కడే ఉంది. "నాకు పోవడానికి ఇంకో చోటుంది" అని చెప్పగలిగినంతకాలమే క్లబ్ డబ్బు పెంచుతుంది. మూడో ఏడాది తర్వాత ఆ మాట అనగలడు, ఎందుకంటే ఇంకో ఏడాది ఆట మిగిలుంటుంది. నాలుగో ఏడాది కూడా అయిపోతే అనలేడు. అందుకే సీనియర్లను క్లబ్‌లు చాలా తక్కువకు కట్టేసుకుంటాయి. మీవాడు యూనివర్సిటీ దారి పట్టుకుంటే అసలు పరీక్ష మూడో ఏడాది వేసవి. ఆ వేసవిని వదిలేసి డిగ్రీ అయ్యాక చూద్దాం అనుకుంటే బోనస్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆల్బర్ట్ పుహోల్స్ సంగతి చూడండి. మీవాడిలాగే జూనియర్ కాలేజీ కుర్రాడు, మిస్సోరిలోని మేపుల్ వుడ్స్. 1999లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ 13వ రౌండులో, 402వ పేరుగా తీసుకుంది. మొదట పది వేల డాలర్లు ఇస్తామంటే ఒప్పుకోలేదు. ఆ వేసవి ఒక కాలేజీ వేసవి లీగ్‌లో ఆడి బ్యాట్‌తో చూపించాడు, చివరికి 60 వేల దాకా పెంచారు. 2001లో మేజర్ లీగ్‌లోకి వచ్చాడు, కెరీర్ ముగిసేసరికి 703 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి). ఆలస్యంగా ఎంపికైతే భవిష్యత్తు లేదనుకోవడం తప్పు, మొదట చెప్పిన అంకెకే తల ఊపడం అంతకన్నా పెద్ద తప్పు.

స్కౌట్లు అడుగుతున్న ఆ ప్రశ్న మాటవరసకు అడిగేది కాదు. జవాబు రాసుకుంటారు. డ్రాఫ్ట్ రోజు, ముఖ్యంగా చివరి పది రౌండ్లలో, పేర్లు నిమిషాల్లో వెళ్లిపోతుంటాయి. ఫోన్ చేసి "ఇంతకు వస్తావా, రావా" అంటారు, ఆలోచించే వ్యవధి ఉండదు. ఇంట్లో కూర్చుని ముందే ఒక అంకె తేల్చుకుని అందరికీ అదే చెప్పండి. ఒకరికి లక్ష, ఇంకొకరికి లక్షన్నర అని చెబితే లక్షే మిగులుతుంది.

ఆ లక్షన్నర ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. 2021 నుంచి డ్రాఫ్ట్ 20 రౌండ్లే, అంతకు ముందు 2019 దాకా 40 ఉండేవి. మొదటి పది రౌండ్లలో ప్రతి స్థానానికీ ఒక నిర్ణీత విలువ ఉంటుంది, అవన్నీ కలిపితే ఆ క్లబ్ ఖర్చు పరిమితి. 11 నుంచి 20 రౌండ్లలో లక్షా యాభై వేలదాకా ఇచ్చేది ఆ పరిమితిలోకి రాదు, దాటిన డాలరు మాత్రమే లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఆ అంకె దగ్గర చాలామంది ఆగిపోతారు. పై రౌండ్లలో ఎవరినైనా చౌకగా కుదుర్చుకుని డబ్బు మిగుల్చుకున్న క్లబ్ మాత్రం ఇంకా పైకి వెళ్లగలదు. అసలు ఎవరూ తీసుకోకపోయినా లక్షన్నర దాకా ఇచ్చి స్వేచ్ఛగా సంతకం చేయించుకోవచ్చు. అప్పుడు క్లబ్‌ను ఎంచుకునేది మీవాడు. 19వ రౌండులో ఏదో ఒక క్లబ్‌కు చిక్కడం కంటే అది నయం కావచ్చు.

ఇంకొకటి. ఏజెంటుతో ఒప్పందం రాసుకునే ముందు కాలేజీలో ఆట నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసు అని ఒకటుంటుంది, అక్కడ అడగమనండి. సలహా తీసుకోవడం వేరు, అతను మీ తరఫున క్లబ్‌తో బేరమాడటం వేరు. రెండోది జరిగితే కాలేజీలో ఆడే అర్హతకే ముప్పు రావచ్చు. అది పోతే బేరానికి బలమూ పోతుంది.

లెక్కల_పంతులు

డబ్బు సంగతి నేను చెబుతాను.

బోనస్ లక్షా యాభై వేలు అనుకుందాం. ఫెడరల్ పన్ను కింద ముందుగా 22 శాతం పట్టుకుంటారు, అంటే 33,000. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం, 11,475. ఏజెంటుకు 3 నుంచి 5 శాతం ఉంటుంది, 4 వేసుకుంటే 6,000. మిగిలేది 99,525. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కాబట్టి ఇంత. పట్టుకున్న 22 శాతమే తుది పన్ను కాదు, ఏడాది చివర రిటర్నులో తేడా వస్తుంది. పైగా బోనస్‌ను విడతలుగా ఇవ్వడమూ ఉంది, ఏ తేదీకి ఎంత అన్నది ఒప్పందంలో చూసుకోవాలి.

దీన్ని జీతంతో కలిపి చూడండి. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్లకు మొదటిసారి సంఘం ద్వారా ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం అప్పుడు ఏడాదికి కాంప్లెక్స్ లీగ్‌లో 19,800, సింగిల్-ఎలో 26,200, హై-ఎలో 27,300, డబుల్-ఎలో 30,250, ట్రిపుల్-ఎలో 35,800 డాలర్లు. అంతకు ముందు సింగిల్-ఎలో 11,000 ఉండేది. ఇల్లు ఇప్పుడు క్లబ్‌లే ఇస్తున్నాయి. మేజర్ లీగ్‌లో కనీస జీతం 2025లో 7,60,000. ట్రిపుల్-ఎకీ దానికీ మధ్య ఎంత అగాధం ఉందో చూశారు కదా. అక్కడికి చేరేదాకా ఈ లక్ష డాలర్లే ఆసరా. నాలుగైదేళ్లకు పంచితే ఏడాదికి పాతిక వేలు కూడా రావు. కొత్త కారు కొనేస్తే మూడో ఏటికి ఖాళీ.

చదువు విషయంలో అక్కగారు భయపడటం న్యాయమే, కానీ దానికి మందు ఒప్పందంలోనే ఉంది. కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్ అని ఒక నిబంధన చేర్పిస్తారు: ఆట మానేశాక డిగ్రీ పూర్తి చేసుకోవడానికి సెమిస్టరుకు ఇంత, ఇన్ని సెమిస్టర్లు అని క్లబ్ ఇచ్చే హామీ. సంతకం పెట్టే రోజున రాయించుకోకపోతే తర్వాత అడిగే దారి లేదు. ఆ యూనివర్సిటీలో ట్యూషన్, హాస్టల్, పుస్తకాలు అన్నీ కలిపి ఒక సెమిస్టరుకు నిజంగా ఎంతవుతుందో కనుక్కుని ఆ మొత్తమే రాయించండి. ఏదో గుండ్రటి అంకె వద్దు. ఇది నోటిమాటగా ఇచ్చే హామీ కానేకాదు. అట్లాగే ఆట ఆపిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టాలి. చాలామంది ఈ గడువు దగ్గరే పోగొట్టుకుంటారు, మళ్లీ ఏదో ఒక క్లబ్ పిలుస్తుందేమోనని ఎదురుచూస్తూ.

నా అభిప్రాయం అడిగితే, లక్షన్నరతో పాటు మిగిలిన రెండేళ్ల చదువు ఖర్చు మొత్తం రాతలో ఉంటే ఆలోచించదగ్గదే. అరవై, డెబ్భై వేలకైతే యూనివర్సిటీయే.

మంగళం_రోడ్

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ సార్. ఇదంతా అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఇంకో చిన్న సందేహం. యూనివర్సిటీకి పోతే ఆ ఏడాదిలో చెయ్యి దెబ్బతింటే? బావ భయం అదే. ఇప్పుడొచ్చే లక్షన్నర కూడా పోతుంది కదా అంటాడు.

సుచి_మోచేయి

పిచర్లతో పనిచేసేదాన్ని కాబట్టి ఈ ముక్క నేను రాస్తాను. బావగారి భయం ఉత్తిది కాదు. అయితే సంతకం పెట్టినంత మాత్రాన మోచేతికి రక్షణ వచ్చేయదు, ఒప్పందానికి ముందు వైద్యపరీక్ష ఉంటుంది కూడా. కుమార్ రాకర్ పేరు వినే ఉంటారు, తల్లి తరఫున భారత మూలాలున్నవాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ 2019లో డ్యూక్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ పేరుగా తీసుకుని, వైద్యపరీక్ష చూశాక సంతకమే వద్దంది. దాదాపు అరవై లక్షల డాలర్ల మాట గాలికి పోయింది. మరుసటి ఏడాది స్వతంత్ర లీగ్‌లో కొన్నాళ్లు ఆడాడు, 2022లో టెక్సస్ రేంజర్స్ 3వ పేరుగా తీసుకుంది, 52 లక్షలిచ్చింది. 2023 మేలో మోచేతి లిగమెంటుకు టామీ జాన్ సర్జరీ. 2024 సెప్టెంబర్ 12న సియాటెల్ మీద మేజర్ లీగ్ మొదటి మ్యాచ్. అంత పెద్ద పేరున్నవాడి దారే ఇట్లా ఉంది.

కాబట్టి అడగాల్సింది ఏ యూనివర్సిటీ అని మాత్రమే కాదు, అక్కడి పిచింగ్ కోచ్ చేతిని ఎట్లా వాడతాడు అని. గత రెండు సీజన్ల బాక్స్ స్కోర్లు (మ్యాచ్ స్కోరు కార్డులు) ఆ కాలేజీ సైట్లోనే ఉంటాయి. తీసి చూడండి: శుక్రవారం 110 బంతులు వేసినవాణ్ణి ఆదివారం మళ్లీ దించారా? 19 నుంచి 22 ఏళ్ల వాళ్లకు ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్), యూఎస్ఏ బేస్‌బాల్ (అమెరికా జాతీయ సంఘం) కలిసి ఇచ్చిన మార్గదర్శకం ఇది: రోజుకు గరిష్ఠం 120 బంతులు. 30 లోపు వేస్తే విశ్రాంతి అక్కర్లేదు, 31-45కి ఒక రోజు, 46-60కి రెండు, 61-80కి మూడు, 81-105కి నాలుగు, ఆ పైన ఐదు రోజులు. ప్రాంతీయ పోటీల్లో నాలుగు జట్లు ఒకే మైదానంలో మూడు నాలుగు రోజుల్లో తేల్చుకోవాలి, అప్పుడే ఈ లెక్క తప్పుతుంది. రెండోసారి ఓడితే ఇంటికే అన్న తొందరలో ఎంత మంచి కోచ్ అయినా నమ్మకమున్న చేతినే మళ్లీ అడుగుతాడు. కుర్రాడూ కాదనడు. ఇంట్లోవాళ్లు ముందే మాట్లాడిపెట్టాలి.

గుర్తుపట్టాల్సినవి: మోచేతి లోపలివైపు నొప్పి, ఫాస్ట్‌బాల్ ఉన్నట్టుండి రెండు మూడు మైళ్లు తగ్గడం, బంతి పదేపదే స్ట్రైక్ జోన్ (బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా, బంతి పడాల్సిన చోటు) కంటే ఎత్తుగా పోవడం, చేతివేళ్లలో తిమ్మిరి. నొప్పికంటే వేగం, అదుపు తగ్గడమే ముందు కనబడుతుంది చాలాసార్లు. మాత్ర వేసుకుని మ్యాచ్ ఆడే పని మాత్రం పెట్టుకోకూడదు. టామీ జాన్ సర్జరీ అయితే మళ్లీ మ్యాచ్‌లోకి రావడానికి మామూలుగా 12 నుంచి 18 నెలలు.

వేసవిలో ఎక్కడ ఆడాలన్నదీ ఇందులో భాగమే. ఫిబ్రవరి మధ్య నుంచి మే చివరిదాకా కాలేజీ సీజన్‌లో 56 మ్యాచ్‌ల దాకా ఉంటాయి. అప్పటికే 80, 90 ఇన్నింగ్స్ (ఒక మ్యాచ్‌లో తొమ్మిదుంటాయి) వేసినవాణ్ణి వేసవి లీగ్‌కు పంపడం అనవసరం. తక్కువ వేసుంటే మాత్రం కేప్ కాడ్ వేసవి లీగ్ లాంటి చోటికి పంపడం మేలు, అక్కడ చెక్క బ్యాట్లతోనే ఆడతారు. కాలేజీలో లోహపు బ్యాట్ కాబట్టి లోపలికి వేసిన బంతి కూడా ఒక్కోసారి హిట్ అవుతుంది. చెక్క బ్యాట్ అయితే పిడి దగ్గర విరుగుతుంది. పిచర్ అసలు సత్తా స్కౌట్లకు అక్కడ తెలుస్తుంది.

92 మైళ్లు కుడిచేతి పిచర్‌కు ఇప్పుడు గొప్ప వేగం కాదు, మేజర్ లీగ్‌లో సగటే 94 దగ్గరుంది. ఫాస్ట్‌బాల్ కాక రెండో రకం బంతి ఏది? స్లైడరైనా, చేంజప్ అయినా, మూడు బంతులు జోన్ బయట పడి ఒక్క స్ట్రైక్ లేనప్పుడు దాన్ని స్ట్రైక్‌గా వేయగలడా? మంచి ల్యాబ్, మంచి కోచ్ ఉన్న యూనివర్సిటీలో ఒక్క ఏడాది దీన్ని మార్చేయగలదు. పాల్ స్కీన్స్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పిచింగూ క్యాచింగూ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకోవడం) రెండూ చేసేవాడు. లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్ఎస్‌యూ) మారి పిచింగ్ మీదే నిలబడ్డాడు, 2023లో మొదటి పేరుగా పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది, 2024 మేలో మేజర్ లీగ్‌లో ఉన్నాడు. అందరూ స్కీన్స్ కాలేరు. కానీ ఏ బంతి బాగుపడుతుంది, ఎవరు బాగుచేస్తారు అన్నదానికి ఆ యూనివర్సిటీ దగ్గర జవాబుంటేనే పోవాలి.

బుల్‌పెన్_సీమ

సుచి గారు చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. యూనివర్సిటీకి మారేటప్పుడు జూనియర్ కాలేజీ క్రెడిట్లన్నీ అక్కడ చెల్లుతాయనుకోవద్దు. జీపీఏ 2.5 ఉండాలి, మూడో ఏడాదిలో అడుగుపెట్టేనాటికి ఎంచుకున్న డిగ్రీలో 40 శాతం క్రెడిట్లు పూర్తయి ఉండాలి. పిల్లలు సులువని తీసుకున్న కోర్సులు ఆ డిగ్రీకి పనికిరాక ఆగస్టులో అర్హత పోయిన సందర్భాలున్నాయి. సంతకం వద్దనుకునే ముందే యూనివర్సిటీ నుంచి క్రెడిట్ల మదింపు రాతలో తెప్పించుకోండి. అది చేతికి రాకుండా జూలై చివర సంతకాల గడువు దాటనివ్వకండి.

పీఈటీ_చిత్తూరు

మంచి చర్చ. నాది కాస్త వేరే ప్రశ్న సార్. చిత్తూరు దగ్గర స్కూలు పిల్లలకు ఆటలు నేర్పుతాను. ఇంటర్ చదివే ఇద్దరు కుర్రాళ్లున్నారు, ఒకడు జావెలిన్, ఒకడు బౌండరీ నుంచి వికెట్ల మీదకు నేరుగా విసిరేవాడు. ఇట్లాంటివాళ్లకు ఇక్కణ్ణుంచి బేస్‌బాల్‌లోకి దారి ఉందా?

బుల్‌పెన్_సీమ

సార్, జావెలిన్ అన్నారు, సరైన చోటే చూస్తున్నారు. 2008లో టీవీ పోటీ ద్వారా దొరికిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్ కుర్రాళ్లే. అమెరికాలో కొన్ని నెలల శిక్షణ తర్వాత అదే ఏడాది నవంబర్లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశారు, 2009లో అట్టడుగు లీగ్‌లో ఆడారు. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా పోలేదు.

ఫాస్ట్ బౌలర్ల కంటే మీరు చెప్పిన ఇద్దరే దీనికి దగ్గర. బౌలింగ్‌లో మోచెయ్యి వంచి చాచకూడదు, పరుగు నుంచి వేగం వస్తుంది. పిచర్‌కు పరుగే లేదు, కాలు రబ్బరు పలకకు ఆనించి, మోచెయ్యి వంచి విసరాలి.

ముందు కొలవండి. ఆ పలక నుంచి బ్యాటర్ దగ్గరి హోమ్ ప్లేట్ దాకా దూరం 18.44 మీటర్లు, బంతి 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కంటే తేలిక. రాడార్ గన్ సంపాదించండి. గంటకు 137 కిలోమీటర్లు, అంటే 85 మైళ్లు రాకపోతే అమెరికా జూనియర్ కాలేజీ కోచ్ కూడా వీడియో చివరిదాకా చూడడు. 145 దాటితే తనే ఫోన్ చేస్తాడు. పిచర్ నిలబడే దిబ్బ 10 అంగుళాల ఎత్తు, వ్యాసం 18 అడుగులు, ముందువైపు అడుగుకు అంగుళం చొప్పున వాలు. బంకమన్ను తడిపి పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, టార్పాలిన్ కప్పకపోతే ముందు కాలు పడేచోట గుంత పడుతుంది, గుంతలో కాలు పడితే చెయ్యి వెనకబడి మోచేతిమీద భారం పోతుంది. ఇంకోటి, వికెట్‌కీపర్ గ్లోవ్స్‌తో క్యాచర్‌ను కూర్చోబెట్టొద్దు. మాస్కు, ఛాతీ రక్షణ, కాళ్ల ప్యాడ్లు, గార్డు, క్యాచర్ గ్లోవ్ లేనిదే పూర్తి వేగంతో వేయించవద్దు.

దారులు రెండు. ఇక్కడే ఉండే కుర్రాడికి డ్రాఫ్ట్ వర్తించదు, అది అమెరికా, కెనడా, ప్యూర్టోరికో వాళ్లకూ అక్కడ చదివేవాళ్లకూ. అంతర్జాతీయ ఆటగాడిగా క్లబ్‌తో నేరుగా సంతకం చేయొచ్చు, జనవరి 15 నుంచి డిసెంబర్ 15 దాకా. కానీ క్లబ్‌లు ఆ డబ్బులో ఎక్కువ భాగం డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా పిల్లలమీద పెడతాయి. నిజంగా అందేది కాలేజీ దారి, అందులోనూ జూనియర్ కాలేజీ: ఫీజు తక్కువ, అక్కణ్ణుంచి ఏ ఏడాదైనా డ్రాఫ్ట్‌కు పోవచ్చు.

ఇక్కడ మనవాళ్లు తెలియక పోగొట్టుకునేది కాలం. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో ఇప్పటిదాకా ఉన్న నిబంధన ఐదేళ్లలో నాలుగు సీజన్లు. ఆ ఐదేళ్లు మొదలయ్యేది అమెరికాలో దిగిన రోజున కాదు, ప్రపంచంలో ఎక్కడైనా కాలేజీలో పూర్తికాలం విద్యార్థిగా చేరిన రోజున. ఇంటర్ అయ్యాక ఎస్వీయూ కిందో ఇంకెక్కడో డిగ్రీలో చేరి, మూడేళ్లు యూనివర్సిటీ జట్టుకు ఆడి, అప్పుడు అప్లై చేస్తే మిగిలేది రెండేళ్లు. చేరకుండా ఖాళీగా ఉండి ఏడాది దాటాక పోటీల్లో ఆడినా సీజన్లు కోతపడతాయి. కాబట్టి ఇంటర్ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టండి: మార్కుల జాబితాలు, ఇంగ్లిష్ పరీక్ష, పక్కనుంచీ వెనకనుంచీ తీసిన రెండు నిమిషాల వీడియో, అందులో రాడార్ అంకె కనబడాలి.

ఎఫ్-1 వీసా మీద పోతాడు కాబట్టి అక్కడి పిల్లల్లాగా ప్రకటనలకు డబ్బు తీసుకోకూడదు, వీసాకే దెబ్బ. క్లబ్ తీసుకుంటే అప్పుడు పీ-1 వీసా వాళ్లే చూసుకుంటారు.

జావెలిన్ కుర్రాడి వీడియో ఉంటే మొహం కనబడకుండా ఇక్కడ పెట్టండి. భుజం, ముందుకాలు ఎట్లా పడుతున్నాయో చూసి చెబుతాం.